చూసిందెవరు?

పోయిన ఎండాకాలం, పసుపు అమ్మిన పైసలు ఇంకా చేతికి రాకముందే మా పెద్దబాపు గుండె స్కానింగ్ తీయించుకుని వచ్చాడు. చేతిలో బట్టల దుకాణం వాళ్ళిచ్చిన సంచి. అందులో ఈసీజీ చుట్ట, రక్తపరీక్షల కాగితాలు, అన్నిటికంటే పైన తళతళలాడే దళసరి కాగితం మీద రంగు బొమ్మలతో టూడీ ఎకో రిపోర్టు. అరుగు మీద కూర్చుని చెమట తుడుచుకుని ఆ కాగితాన్ని నా ముందు పరిచాడు.

"ఏం లేదట బిడ్డా. గుండె మంచిగనే ఉన్నదట."

"ఎవరు చూసిన్రు పెద్దబాపూ?"

"ఎవరు చూసుడేంది? మిషినే చూసింది."

నేను నవ్వాను. నెల తిరక్కముందే ఆ నవ్వుకు సిగ్గుపడాల్సి వచ్చింది. చేనులో నాలుగడుగులు వేస్తే ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం. హైదరాబాద్ తీసుకుపోయాం. అక్కడ తల నెరిసిన ఒక డాక్టరమ్మ ఆయనను ఎడమవైపుకు తిప్పి పడుకోబెట్టింది. చేతిని తల కిందికి మడవమంది. పక్కటెముకల సందుల్లో ప్రోబును కొంచెం కొంచెం కిందికి జరుపుతూ, ఊపిరి వదిలి ఆపమంటూ, మళ్ళీ పీల్చమంటూ అరగంట దాకా చూసింది. గుండె కొన భాగం కదలడం లేదు. షుగరు ఉన్న మనిషి కాబట్టి నొప్పి తెలియకుండానే ఎప్పుడో గుండెపోటు వచ్చిపోయింది. మన మెట్‌పల్లిలో తీసిన బొమ్మలో ఆ కొన అసలు పడనే లేదు. రిపోర్టులో మాత్రం పంపింగ్ 60 శాతం అనీ, గోడల కదలిక మామూలుగా ఉందనీ అచ్చయి ఉంది.

ఆ సెంటరు పేరు ఇక్కడ రాయను. రాస్తే చదివేవాళ్ళకు హాయి. తప్పంతా ఆ ఒక్క గదిలోకి పోయి తలుపేసుకుంటుంది, మిగతా మనమందరం చేతులు దులుపుకుంటాం. ఆ దులుపుకునే చేతుల గురించే నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

పెద్దబాపు ఒక్కడే కాదు, చదువుకున్నవాళ్ళమూ మిషినే చూస్తుందని నమ్ముతాం. ఎకో మిషిన్ చేసే పని చెరువు గట్టున నిలబడి కేక వేసి ప్రతిధ్వని వినడం లాంటిది. మన చెవికి అందని శబ్దాన్ని లోపలికి పంపుతుంది, తగిలి తిరిగొచ్చిన దాన్ని తెర మీద చుక్కలుగా పెడుతుంది. ఏ చుక్క గోడ, ఏ చుక్క కవాటం, ఏది నిజంగా ఉన్నది, ఏది ఎముక నీడ అన్నది దానికి పట్టదు. ఈ పరీక్ష పుట్టుకలోనే ఆ సంగతి ఉంది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్ అనే గుండె డాక్టరూ, హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్తా కలిసి శబ్ద తరంగాలతో మొదటిసారి గుండె కదలికను పట్టుకున్నారు. గుండె కోసం తయారైన యంత్రం వాళ్ళ దగ్గర లేదు. మాల్మోలో ఓడలు కట్టేచోట లోహంలో పగుళ్ళు వెతికే పరికరం ఉంటే దాన్ని అరువడిగి తెచ్చుకున్నారు. గుండె కదులుతున్నట్టు గీత వచ్చింది. ఆ గీత ఎడమ కర్ణిక గోడదని ఎడ్లర్ అనుకున్నాడు. కాదు. చనిపోయినవాళ్ళ గుండెల్లో శబ్దం పోయే దారి వెంటే సూది దించి చూశాక, అది మైట్రల్ కవాటపు రెక్క అని తేలింది. యంత్రాన్ని గుండె మీద పెట్టిన మొదటి మనిషే తన బొమ్మను తానే తప్పు చదివాడు! ఆయనను పెద్దవాణ్ణి చేసింది అది తప్పేమోనని సూది పట్టుకుని వెతకడమే.

మన సెంటర్లలో ఇప్పుడున్న మిషిన్లు ఎడ్లర్ కలలో కూడా చూడనివి. అయినా ప్రోబు పట్టిన చేయి ఒక పక్కటెముక పైన ఆగిపోతే ఏమవుతుందో చూడండి. బొప్పాయిని నిలువునా నడిమికి కోస్తే తొడిమ నుంచి కొన దాకా కనిపిస్తుంది. పక్కకు వంచి కోశామనుకోండి, ముక్క పొట్టిగా, గుండ్రంగా వస్తుంది. కొన ఎక్కడుందో ఆ ముక్కలో తెలియదు. గుండె విషయంలోనూ అంతే. వంకరగా కోసిన బొమ్మలో గుండె పొట్టిగా, చక్కగా ముడుచుకుంటున్నట్టు కనిపిస్తుంది. కదలని కొనా, ఆ కొనలో గడ్డకట్టిన రక్తమూ బొమ్మ బయటే ఉండిపోతాయి. పెద్దబాపుకు జరిగింది ఇదే. మిషిన్ అబద్ధం చెప్పలేదు. తనకు చూపించిన దాన్ని చూపించింది.

డాప్లర్ సంగతి ఇంకా సూక్ష్మం. కవాటం ఇరుకైతే అందులోంచి రక్తం ఎంత వేగంగా దూసుకొస్తున్నదో కొలిచి, ఇరుకు ఎంతో లెక్క కడతారు. శబ్దకిరణం రక్తధారకు సూటిగా ఉండాలి. 60 డిగ్రీలు పక్కకు తప్పితే కొలిచిన వేగం నిజానికి సగమే వస్తుంది. వేగాన్ని వర్గం చేసి ఒత్తిడి తేడా లెక్కిస్తారు గనక అది నాలుగో వంతుకు పడిపోతుంది. ఆపరేషన్ కావాల్సిన ముసలామె "కొద్దిగా ఇరుకు" అని రాయించుకుని ఇంటికొచ్చి మళ్ళీ చాట పట్టుకుంటుంది. ఆ చేయి ఎంత వంగిందో రిపోర్టులో ఎక్కడా ఉండదు.

అందుకే చూసేవాళ్ళ అనుభవం ఈ పరీక్షలో ఒక భాగమని పెద్ద పెద్ద గుండె డాక్టర్లే ఒప్పుకున్నారు. ఇటలీకి చెందిన యూజేనియో పికానో బృందం 1991లో ఒక పరిశోధన ప్రచురించింది. గుండె మీద భారం పెట్టి చూసే స్ట్రెస్ ఎకో వీడియోలను కొత్తవాళ్ళకూ, చేయి తిరిగినవాళ్ళకూ ఇచ్చి చదవమన్నారు. కొత్తవాళ్ళంటే ఎకో తెలియనివాళ్ళు కారు. మామూలు ఎకోలు చేస్తున్న డాక్టర్లే, ఈ ఒక్క రకానికి కొత్త. వాళ్ళు సరిగ్గా చెప్పింది 62 శాతం చుట్టూ, అనుభవం ఉన్నవాళ్ళు 85 శాతం చుట్టూ. అవే వీడియోలు, అవే గుండెలు. ఆ తర్వాత కొత్తవాళ్ళను పెద్దల పక్కన కూర్చోబెట్టి నేర్పితే వాళ్ళూ ఆ పెద్దల దరిదాపులకు చేరారు. నాకు ఇందులో నచ్చింది ఈ చివరి సంగతే. అంతరం పుట్టుకతో వచ్చింది కాదు, పక్కన కూర్చోబెట్టుకునే పెద్ద ఉంటే పూడ్చగలిగింది.

అమెరికాలో గుండె డాక్టర్ల శిక్షణకు కొన్ని లెక్కలు పెట్టుకున్నారు. పెద్దల కింద కనీసం 150 ఎకోలు సొంత చేత్తో చేసి, 300 చదివిన తర్వాతే స్వతంత్రంగా రిపోర్టు రాయాలి. ఎకో విభాగాన్ని నడపాలంటే 300 చేయాలి, 750 చదవాలి. ఈ అంకెల్లో పవిత్రత ఏమీ లేదు. ఆరువందల ఎకోలు చూసీ కన్ను తెరుచుకోనివాళ్ళుంటారు. కానీ అక్కడ ఒక గడప ఉంది, దాటాకే లోపలికి. మన వీధిలో ఆ గడప ఎక్కడ?

చేయి తిరిగితే చాలు, ఇక తప్పే ఉండదని అనుకుంటే అదీ మోసమే. అనుభవజ్ఞులైన నలుగురు డాక్టర్లకు 20 గుండె యాంజియోగ్రాములు ఇచ్చి చదివించిన పరిశోధన 1976లో వెలువడింది. గుండె ముందువైపు దిగే పెద్ద నాళంలో అడ్డు ముఖ్యమైనదా కాదా అన్న దానిమీద నలుగురూ ఒక మాటకొచ్చింది 65 శాతం సార్లే. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు దాటాక, నాళంలోకి సన్నని ప్రెషర్ వైరు పంపి కొలిస్తే ఇంకో సంగతి బయటపడింది. కంటికి 50 నుంచి 70 శాతం అడ్డుగా కనిపించినవాటిలో నిజంగా రక్తాన్ని ఆపుతున్నవి 35 శాతమే అని ఫేమ్ అనే పెద్ద పరిశోధన చెప్పింది. అంటే కన్ను పెద్దదైనా దానికొక కొలబద్ద తోడు కావాలి. ఎక్స్‌రేల కథ దీనికంటే పాతది. హెన్రీ గార్లండ్ అనే అమెరికన్ రేడియాలజిస్టు 1949లోనే తన తోటివాళ్ళు రోగమున్న ఛాతీ ఫిల్ముల్లో దాదాపు మూడోవంతును పట్టుకోలేకపోతున్నారని రాశాడు. సొంత వృత్తి గురించి సొంత వృత్తి పత్రికలో రాశాడు. మన దగ్గర అట్లా రాసేవాళ్ళను ఏమంటారో నాకు తెలుసు, మీకూ తెలుసు.

ఉన్న రోగాన్ని చూడకపోవడం ఒక తప్పు. లేనిదాన్ని చూడటం ఇంకో తప్పు. దీని బాధ ఆస్పత్రిలో కాక ఇంట్లో కనబడుతుంది కాబట్టి లెక్కకు రాదు. మా వాడకట్టులో ఒక పిల్లకు డిగ్రీ చదివేటప్పుడు గుండె దడ వచ్చిందని ఎకో తీయించారు. "వాల్వు లీకు" అని రాశారు. ఆ మాట ఇంటి గడప దాటింది. సంబంధాలు వచ్చినట్టే వచ్చి, "పిల్లకు గుండెజబ్బట కదా" అని ఆగిపోయాయి. నాలుగేళ్ళ తర్వాత ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు చూసి చెప్పాడు: ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లో చాలామందికి ఒకటి రెండు కవాటాల దగ్గర డాప్లర్‌లో ఆ కాస్త లీకు కనిపిస్తుంది, అది రోగం కాదు, రాయాల్సిన పని కూడా లేదు. ఆ నాలుగేళ్ళు ఆ పిల్లకు ఎవరిస్తారు? రాసిన చేతికి ఆ సంగతి ఈరోజుకీ తెలియదు. తెలియజేసే దారి మనం పెట్టలేదు.

ఇది మెట్‌పల్లిలో ఎవరో చిన్న డాక్టరు చేసిన పని మాత్రమే అనుకోవద్దు. లోకమంతా పెద్ద పెద్దవాళ్ళు కలిసి చేసిన ఇటువంటి తప్పే ఒకటుంది. మైట్రల్ కవాటం వెనక్కి ఉబ్బుతున్నదని ఒకప్పుడు ఎంతోమంది ఆరోగ్యవంతులకు ముద్ర వేశారు. 1980లలో రాబర్ట్ లెవీన్ అనే డాక్టరు ఆ కవాటం అంచు చదునుగా ఉండదు, గుర్రపు జీను లాగా వంపు తిరిగి ఉంటుందని చూపించాడు. చదునుగా ఉందనుకుని ఒక కోణం నుంచి చూస్తే మామూలు కవాటమూ ఉబ్బినట్టే కనిపిస్తుంది మరి! కొలత సరిచేసి మళ్ళీ చూస్తే, అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ ఊరి జనంలో ఆ జబ్బు 2.4 శాతం మందికే ఉందని 1999లో తేలింది. ముద్ర వేసినవాళ్ళు అనుభవం లేనివాళ్ళు కారు. వాళ్ళ అనుభవాన్ని సరిదిద్దే వార్త వాళ్ళకు చేరలేదంతే. వెయ్యి సార్లు చేసిన తప్పు కూడా అనుభవంగానే లెక్కకొస్తుంది, తప్పని ఎవరూ చెప్పకపోతే.

మన ఊరు కంటి విలువ తెలియని ఊరు కాదు. పసుపు కొమ్మును విరిచి, లోపలి రంగు చూసి, విరిగిన చప్పుడు విని ధర చెప్పే మనిషి ముందు మనం నోరు మూసుకుని నిలబడతాం. మెట్‌పల్లి ఖాదీ కొనేటప్పుడు పంచెను వెలుగుకెత్తి పోగు చూసే పెద్దమనిషిని వెంట తీసుకుపోతాం. బీడీల కట్టను వేళ్ళతో ఒక్కసారి నొక్కి ఏది వదులుగా చుట్టారో చెప్పేసేవాళ్ళున్నారు. ఎడ్ల అంగట్లో పండ్లు చూడటం తెలియనివాడు బేరానికి పోడు. ఇన్నిటిలో చూసేవాడెవరని అడిగే మనం, గుండె దగ్గరికి వచ్చేసరికి మిషిన్ చూసిందంటే సరే అంటున్నాం.

అలా అనడంలో ఎవరెవరి చేయి ఎంతుందో లెక్క తేల్చుకుందాం. మొదట నాది. ఒకసారి మా ఇంట్లో మనిషికి ఎకో చేయించేటప్పుడు, ఆర్మూర్ బస్సు పోతున్నదని కౌంటర్ పిల్లగాణ్ణి తొందరపెట్టిన మనిషిని నేనే. అరగంట పట్టాల్సిన పరీక్ష ఆరు నిమిషాల్లో అయితే సంతోషపడ్డాను. "వీళ్ళు ఫాస్ట్" అని నలుగురికి చెప్పాను. మనం తొందరను కొంటున్నాం, అందుకే వాళ్ళు తొందరనే అమ్ముతున్నారు.

తర్వాత పంపేవాళ్ళది. ఫలానా సెంటరుకే పోవాలని చీటీ రాసి పంపే ఆరెంపీ అయినా, పెద్ద బోర్డున్న డాక్టరైనా, ఆ చీటీ వెనక ఎంత వాటా ఉన్నదో ఊరందరికీ తెలుసు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నీతినియమావళి రోగిని పంపినందుకు డాక్టరు కమీషన్ తీసుకోవడాన్ని, ఇవ్వడాన్ని నిషేధించింది. నిషేధం పుస్తకంలో ఉంది, వాటా జేబులో ఉంది. పరీక్ష ధరలో పెద్ద ముక్క పంపినవాళ్ళకు పోతే, చూసే మనిషికి మిగిలేది ఎంత? అందుకే రోజుకు ఎన్నో చేస్తే గానీ గిట్టదు. గిట్టుబాటు కోసం తగ్గించుకునేది సమయాన్నే. కొన చూడటానికి పట్టే ఆ పది నిమిషాలు అక్కడే మాయమవుతాయి.

ఆ తర్వాత సంబరాలు చేసేవాళ్ళది. ఊరికి కొత్త మిషిన్ వస్తే రిబ్బన్ కత్తిరిస్తాం, శాలువాలు కప్పుతాం, ఫ్లెక్సీలు కడతాం. మిషిన్‌తో పాటు దాన్ని చదివే మనిషి వచ్చాడా, ఎక్కడ నేర్చుకున్నాడు అని ఏ విలేకరీ అడగడు. ప్రభుత్వం 2021 జూన్‌లో 19 జిల్లాల్లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు తెరిచింది. మన జగిత్యాల కూడా అందులో ఉంది. 2022లో జగిత్యాలకు మెడికల్ కాలేజీ వచ్చింది. రెండూ మంచి పనులే, చెడ్డ మాట అనను. రక్తం గొట్టంలో పోసి పంపితే ఎక్కడైనా దాదాపు ఒకటే లెక్క వస్తుంది. గుండె బొమ్మ అట్లా కాదు. అది పడుకున్న మనిషికీ, చూసే మనిషికీ మధ్య అప్పటికప్పుడు పుడుతుంది. కట్టడాలను లెక్కపెట్టడం అలవాటైన మనకు ఆ మనిషిని లెక్కపెట్టడం రావట్లేదు.

గల్ఫ్ పోయే మన పిల్లలను అడగండి, ఈ సంగతి వాళ్ళకు ఇంకో రకంగా తెలుసు. మెడికల్‌లో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. ఎప్పుడో మానిపోయిన టీబీ మచ్చ కనబడితే అన్‌ఫిట్. వీసాకు పోసిన అప్పు, అమ్మిన బంగారం ఒక్క మాటతో మునుగుతాయి. ఆ ఫిల్ము చూసిందెవరో, ఎంతసేపు చూశారో ఆ పిల్లగాడు ఎన్నడూ అడగడు. అడగొచ్చని కూడా అతనికి తెలియదు. ఫిట్ అయి పోయినవాళ్ళలోనూ కొందరు అక్కడి ఎండల్లో గుండె ఆగి చెక్కపెట్టెలో తిరిగొస్తున్నారు. వాళ్ళ ఇళ్ళ ముందు నిలబడ్డ ప్రతిసారీ ఈ ప్రశ్న నన్ను కొరుకుతుంది.

ఇక చూసేవాళ్ళు. వాళ్ళ గురించి నాకు తిట్టాలని లేదు. పెద్దబాపు సంగతి తెలిశాక, ఎవరి దగ్గరో కాదు, ఇదే పని చేసే నాకు తెలిసిన ఒక కుర్ర డాక్టరు దగ్గర కూర్చున్నాను.

"కొన కనిపించకపోతే ఏం రాస్తవు?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కనిపించలేదని రాయాలె సార్. బొమ్మ మంచిగ రాలేదు, ఇంకోచోట చూపించుకోండని రాయాలె" అన్నాడు.

"రాస్తవా?"

"రెండు సార్లు రాసిన. పంపినాయన ఫోన్ చేసి, 'నీకు చూడరాదా?' అన్నడు. తర్వాత నెల ఆయన దగ్గరి నుంచి ఒక్క పేషెంటు రాలే."

ఇదీ మనం కట్టిన వ్యవస్థ. తెలియదని నిజం రాసిన చేతిని ఆకలికి వదిలి, తెలియకుండానే "నార్మల్" అని రాసిన చేతికి పని ఇస్తున్నాం. ఆ కుర్రవాణ్ణి అవినీతిపరుడని అనే ముందు, అతని నిజాయితీకి మనం కట్టిన ధర చూసుకోవాలి. బొమ్మ సరిగా రాలేదని రాసిన రిపోర్టును చూసి "మంచి డాక్టరు, దాచలేదు" అని చెప్పుకునే ఊరు కావాలి మనది.

ఆ నిజాయితీని నేర్పినవాళ్ళు మనలో లేకపోలేదు. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివి, అమెరికాలో రేడియాలజిస్టుగా పేరు తెచ్చుకున్న కాకర్ల సుబ్బారావు గారు 1986లో అదంతా వదిలి వచ్చి హైదరాబాద్ నిమ్స్‌ను నడిపారు. అక్కడి తెలుగువాళ్ళ సంఘం తానాకు తొలి అధ్యక్షుడు ఆయనే. 2000లో పద్మశ్రీ ఇచ్చారు, 2021లో పోయారు. ఆయన పేరు చెబితే జనానికి నిమ్స్ గుర్తొస్తుంది. నాకు మాత్రం ఆయన రేడియాలజీ చదువు కోసం ట్రస్టు పెట్టడం గుర్తొస్తుంది. ఎక్స్‌రే డబ్బాలు కొనిపెట్టి ఊరుకోకుండా, చూసే కళ్ళను తయారుచేయాలనుకున్న మనిషి. అట్లాంటి తరం వెళ్ళిపోతున్నది. కొత్త కళ్ళ పక్కన కూర్చునే పెద్ద కళ్ళు జిల్లాలకు రావాలి. నెలకొక్కసారి వచ్చినా చాలు. వారం రోజుల ఎకోలు పది తీసి, పేర్లు మూసి, అందరూ కలిసి మళ్ళీ చదివితే చాలు. ఇక్కడ "నార్మల్" అన్న మనిషికి కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఏం తేలిందో తిరిగి ఇక్కడికి ఒక ఫోను వస్తే చాలు. పెద్దబాపు ఎకో చేసినాయనకు ఆ గుండె కొన సంగతి ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు. కోపంలో ఊళ్ళో పదిమందికి చెప్పాం గానీ, ఆయనకు చెప్పలేదు. తెలిసి ఉంటే మరుసటి రోజు ఇంకో పెద్దమనిషి పక్కటెముకల మీద ఆయన చేయి ఒక మెట్టు కిందికి దిగేదేమో. ఆ నేరంలో మా ఇంటి వాటా అది.

రెండో కన్ను సాధ్యం కాదనేవాళ్ళకు ఒక మాట. యాంజియోగ్రాం అయ్యాక పెద్దబాపుకు స్టెంటు వేయాలన్నారు. ఆరోగ్యశ్రీ కింద కాబట్టి ఆ బొమ్మలు ట్రస్టుకు పోవాలి, అక్కడ ఇంకో డాక్టరు చూసి ఒప్పుకోవాలి. ఆ ఆలస్యానికి మేం విసుక్కున్నాం. తర్వాత ఆలోచిస్తే, ఖర్చు పెట్టేది ప్రభుత్వమైనప్పుడు రెండో కన్ను దానంతటదే వచ్చింది. డబ్బు కాపాడటానికి పెట్టుకున్న ఏర్పాటును ప్రాణం కాపాడటానికి పెట్టుకోలేమా? ఊళ్ళో మూడు సెంటర్లున్నాయంటే, వాటిలో చూసేవాళ్ళు ముగ్గురూ అనుమానమున్న బొమ్మను ఒకరికొకరు పంపుకోలేరా? ఫోన్లో పెళ్ళి వీడియోలు పోతున్న కాలంలో గుండె వీడియో పోదా? అడ్డు వచ్చేది సాంకేతికత కాదని వాళ్ళకూ తెలుసు. నా పేషెంటు పక్కవాడి కంట పడకూడదన్న భయం అది.

మనం చేయగలిగినవీ ఉన్నాయి. పెద్ద ధైర్యం కూడా అక్కరలేదు. అదే 2002 నియమావళి, డాక్టరు తాను ఇచ్చే చీటీల మీదా, సర్టిఫికెట్ల మీదా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలంటుంది. రోగి తన రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలంటుంది. కాబట్టి అడగండి. రంగు బొమ్మల కాగితం సరిపోదు, కదిలే వీడియో సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇవ్వమనండి. ఆగిపోయిన ఫొటోలో గుండె ఎట్లా కదిలిందో బ్రహ్మకు కూడా తెలియదు. ఎకో బాగుందంటే గుండెనాళాల్లో అడ్డు లేనట్టేనా అని అడగండి, కాదని చెబుతారు. పడుకుని ఉన్నప్పుడు గోడలు చక్కగా కదులుతూనే నాళంలో పెద్ద అడ్డు ఉండవచ్చు. ఆయాసం తగ్గకపోతే కాగితాన్ని కాక ఒంటిని నమ్మండి. ముఖ్యంగా, చూసిందెవరో అడగండి. కోపంగా కాదు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు మేనమామ పేరు అడిగినంత మామూలుగా అడగండి.

సెంటర్ల యజమానులకూ చెప్పేది ఇదే. గోడ మీద మిషిన్ కంపెనీ పేరు పెద్దక్షరాల్లో రాశారు కదా, దాని కింద చూసే మనిషి పేరు, ఎక్కడ నేర్చుకున్నారో కూడా రాయండి. పరీక్ష టెక్నీషియన్ చేసి, సంతకం ఇంకెవరో పెట్టే చోట్లయితే ఆ సంగతీ రాయండి. అది తప్పేం కాదు. ఎన్నో దేశాల్లో బొమ్మ తీసేది శిక్షణ పొందిన సోనోగ్రాఫర్లే, చదివేది డాక్టరు. చూడకుండా సంతకం పెట్టడమే తప్పు. ముందే సంతకాలు పెట్టిన లెటర్‌హెడ్ల కట్టలు సొరుగులో ఉంచుకునే పద్ధతి ఎక్కడైనా ఉంటే, ఈ రాత్రికే ఆ కట్టలు పొయ్యిలో పెట్టండి.

పెద్దబాపు ఇప్పుడు బాగానే ఉన్నాడు. మందులు వేసుకుంటున్నాడు, చేనుకు పోతున్నాడు, బీడీ మాత్రం దొంగతనంగా తాగుతున్నాడని పెద్దమ్మ ఫిర్యాదు. పోయిన నెల మళ్ళీ ఎకో తీయించమన్నారు. హైదరాబాద్ దాకా పోలేనన్నాడు. ఇక్కడే, ఇంకో సెంటరుకు పోయాం. ఈసారి లోపల పావుగంట పైనే పట్టింది. కౌంటర్ పిల్లగాడు కాగితం కవర్లో పెట్టి ఇచ్చాడు. పెద్దబాపు దాన్ని బయటికి తీసి, అద్దాలు పెట్టుకుని, ఇంగ్లీషు రాకపోయినా కింద సంతకం ఉన్న చోటే చూశాడు. అక్కడ ఒక గీత మెలిక తిరిగి ఉంది.

"బిడ్డా, ఇది చూసిందెవరు?"

"డాక్టర్ సారే, తాతా."

"పేరేంది?"

పిల్లగాడు కాగితం తిప్పి చూశాడు. మళ్ళీ ఇటు తిప్పాడు. మా వెనక లైన్లో ఉన్న ఒకామె, చంకలో పిల్లను ఎత్తుకుని, తన చేతిలోని కవరు విప్పడం మొదలుపెట్టింది.

"ఆగు తాతా, లోపల అడిగొస్త," అని పిల్లగాడు కుర్చీలోంచి లేచాడు.